మన లెక్కలో లేనివారు

గత సంవత్సరము మార్చి నెలలో ఒక ఆదివారము. ఆ ఉదయము నేను సంఘము ఎదుట మా యౌవనస్థుల పరిచర్య నివేదిక చదివాను. నాలుగేళ్ళలో 114 మంది యువతీ యువకులు మా కార్యక్రమాల ద్వారా మేలు పొందారని చదివాను. పదవ తరగతి ట్యూషనుకు చివరి దాకా వచ్చిన 38 మందిలో 36 మంది ఉత్తీర్ణులయ్యారని, 22 మంది కుట్టుపని, 31 మంది కంప్యూటరు నేర్చుకున్నారని చదివాను. సంఘమంతా చప్పట్లు కొట్టింది. సంఘ పెద్దలు సంతోషించారు. నేనూ సంతోషించాను. ఆ నివేదిక మా కార్యక్రమాలకు సహాయము చేసేవారికి కూడా వెళ్ళవలసి ఉంది. ఈసారి సహాయము తప్పక పెరుగుతుందని లోలోపల అనుకున్నాను.

ఆరాధన అయిన తర్వాత గుడి వాకిట్లో ఒక తల్లి నన్ను నిలిపింది. ఆమె విధవరాలు. కూలి చేసుకొని ఇద్దరు కొడుకులను పెంచింది.

"అయ్యగారూ, మీరు చదివిన నూట పద్నాలుగు మందిలో మా పెద్దోడు ఉన్నాడా?" అని అడిగింది.

"ఉన్నాడమ్మా, ట్యూషనుకు చివరి దాకా వచ్చినాడు కదా" అన్నాను.

"అట్లయితే వానికి ఏం మేలు జరిగిందని రాసినారయ్యా? వాడు ఊరిడిచి పోయి రెండేండ్లాయె. బెంగళూరులో సిమెంటు మోస్తాండాడు. గుడి గడప తొక్కేది లేదు. తప్పుగా అనుకోవద్దు, తెలుసుకుందామని అడుగుతాండా."

ఆమె మాటలో కోపము లేదు. కోపము ఉండి ఉంటే నేను ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ణి. "ప్రార్థన చేద్దామమ్మా" అన్నాను. మా కాపరులకు జవాబు దొరకనప్పుడు ఈ మాట త్వరగా నోటికి వస్తుంది. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నము నాకు భోజనము సహించలేదు.

ప్రియ పాఠకులారా, ఆ ప్రశ్నకు జవాబు వెదుక్కుంటూ నేను తిరిగిన తిరుగుడును మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మీ సంఘములో కూడా యౌవనస్థుల కూడికలు ఉంటాయి, వేసవి శిబిరాలు ఉంటాయి. మీ ఊరిలో ఏదో ఒక సంస్థ పిల్లల కోసము, యువకుల కోసము పని చేస్తూ ఉంటుంది. కనుక ఇది మా ఒక్క సంఘము సంగతి కాదు.

నేను పుట్టి పెరిగింది అనంతపురము మెట్ట ప్రాంతములో. ఆంధ్రప్రదేశ్ అంతటిలో అతి తక్కువ వర్షము పడే నేల ఇది. సంవత్సరానికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అది కూడా వేరుశనగకు కావలసినప్పుడు పడదు. బోర్లు ఎండిపోతాయి, అప్పులు మాత్రము ఎండవు. కరువు ఉన్నచోటికి సహాయము చేసే సంస్థలు వస్తాయి. 1969లో ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును స్థాపించారు. 2009లో ఆయన మరణించేనాటికి ఆ సంస్థ పేరు తెలియని పల్లె మా వైపు దాదాపు లేదు. బడులు, ఇండ్లు, ఆస్పత్రులు, చెక్‌డ్యాములు ఎన్నో వచ్చాయి. పెద్ద సంస్థలను చూసి చిన్న సంస్థలు, వాటిని చూసి మావంటి సంఘాలు కూడా పనిలోకి దిగాయి. ఆ సహాయమే లేకపోతే నావంటివాడు పుస్తకము పట్టేవాడు కాదు. కాబట్టి ఈ మాటలు కృతజ్ఞత లేక రాస్తున్నవి కావు.

అయితే చిన్ననాటి సంగతి ఒకటి నాకు గుర్తుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊరి యువజన సంఘాన్ని చూడటానికి పట్టణము నుండి కొందరు అతిథులు వచ్చారు. అంతకు ముందు రోజు మాకు తర్ఫీదు ఇచ్చారు. "బాగుందా అని అడిగితే చాలా బాగుంది సార్ అని చెప్పాల" అన్నారు. మేము వరుసగా కూర్చొని అలాగే చెప్పాము. అతిథులు పుస్తకములో రాసుకున్నారు. మాకు బిస్కెట్లు ఇచ్చారు. అప్పటికి మా వాలీబాలు చిరిగి ఆరు నెలలయింది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ముప్పై ఏండ్ల తర్వాత ఆ పుస్తకము రాసుకునేవాని కుర్చీలో నేనే కూర్చున్నానని ఆ తల్లి మాటతో తెలిసింది.

ఏమి చేయాలో తోచక నాలుగు రోజులు ఊరుకున్నాను. మా సంఘములో ఒక యువకుడు ఉన్నాడు. అతడు ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలో కొంతకాలము పని చేశాడు. ఉపాధి హామీ పథకము మన జిల్లాలోనే మొదలయిందని మీకు తెలుసు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన నార్పల మండలము బండ్లపల్లిలో ఆనాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ దానిని ప్రారంభించారు. ఆ సంవత్సరములోనే మన రాష్ట్రములో సామాజిక తనిఖీలు కూడా మొదలయ్యాయి. కూలివారి ఇండ్లలోని చదువుకున్న పిల్లలే మస్టరు కాగితాలు పట్టుకొని ఇంటింటికి తిరుగుతారు. "నీ పేరు మీద ఇన్ని దినాలు పని చేసినట్టు ఉంది, చేసినావా? ఇంత డబ్బు ఇచ్చినట్టు ఉంది, ముట్టిందా?" అని అడుగుతారు. తర్వాత గ్రామసభలో అందరి ఎదుట చదువుతారు.

ఆ యువకుడు నాతో అన్నాడు, "అయ్యగారూ, ప్రభుత్వము మస్టరును తనిఖీ చేసినాము కదా, మన మస్టరును ఎందుకు చేయకూడదు?"

మాట చిన్నదే. మా పుస్తకాన్ని నేనే రాశాను, నేనే చదివాను, నేనే మెచ్చుకున్నాను. ఆ లెక్కను ఇంకొకరు చూడవలసిన అవసరము ఉందని ఒక్క దినమూ అనుకోలేదు. సంఘ పెద్దలను అడిగాను. ఒకరు "మనలను మనమే అల్లరి చేసుకోవడము ఎందుకయ్యా?" అన్నారు. మిగతావారు ఒప్పుకున్నారు. ఆ యువకుడు, స్త్రీల సమాజము నుండి ఇద్దరు సహోదరీలు, నా భార్య, వీరు నలుగురు తిరగాలని నిర్ణయించాము. నేను వెళ్ళకూడదని ఆ యువకుడే చెప్పాడు. "మీరు ఎదురుగా కూర్చుంటే మీకు నచ్చేదే చెప్తారయ్యా" అన్నాడు. నా చిన్ననాటి బిస్కెట్లు గుర్తుకొచ్చి ఒప్పుకున్నాను.

రెండు నెలలు సాయంకాలాలు తిరిగారు. మొదట తేలింది ఏమంటే, మా 114 మంది నిజానికి 105 మందే. తొమ్మిది మంది రెండేసి కార్యక్రమాలకు వచ్చారు, మేము రెండుసార్లు లెక్కపెట్టాము. ఆ 105 మందిలో 83 మందిని ఇండ్లలోనో ఫోనులోనో కలుసుకోగలిగారు. మిగతా 22 మంది ఎక్కడున్నారో మాకు తెలియనే తెలియదు.

కుట్టుపని నేర్చుకున్న 22 మందిలో ఇప్పుడు కుట్టి సంపాదించేవారు నలుగురు. మిగతావారికి ఇంట్లో మిషను లేదు, కొనే స్తోమత లేదు. పైగా సంతలో రెడీమేడ్ బట్టలు చవక. మిషనులేని ఇంటి పిల్లకు కుట్టుపని నేర్పి ఏమి ప్రయోజనము అని మొదట్లోనే మేము అడుగవలసింది. అయితే ఒక అమ్మాయి చెప్పిన మాట నా భార్య రాసుకొచ్చింది. "కుట్టేది మరిచిపోయినానమ్మా. కానీ ఆ రెండు గంటలే నేను ఇల్లిడిచి నా ఈడు పిల్లలతో కూర్చునింది. ఆ సంవత్సరము నాకు పెండ్లి చేస్తామన్నారు. అక్కడ అందరూ చెప్తే ఇంట్లో గట్టిగా వద్దన్యా." ఈ మేలు మా నివేదికలో ఎక్కడా లేదు. లేని మేలు రాశాము, ఉన్న మేలు రాయలేదు.

కంప్యూటరు నేర్చుకున్న 31 మందిలో దానితో పని చేస్తున్నవారు ఇద్దరే. ఒకరు జిరాక్సు అంగడిలో, ఒకరు ఎరువుల అంగడిలో బిల్లులు కొట్టే పనిలో ఉన్నారు. మేము ఇచ్చిన సర్టిఫికెట్టును ఏ ఉద్యోగములోనూ ఎవరూ అడగలేదు. ఆ మూడు నెలలు ఐటిఐలో చేరడానికి దారి చూపి ఉంటే బాగుండేదని నలుగురైదుగురు చెప్పారట.

ఇక ట్యూషను. దీనిని గురించే నాకు ఎక్కువ అతిశయము ఉండేది. 38 మందిలో 36 మంది అని చదివాను కదా. ట్యూషనుకు మొదట పేరిచ్చినవారు 61 మంది. మధ్యలో మానిన 23 మంది మా నివేదికలో 114లో ఉన్నారు, ఉత్తీర్ణత లెక్కలో మాత్రము లేరు. వారిలో 17 మందిని మా వారు కలిశారు. అందులో 11 మంది చిన్న తెలుగు పేరాను తడబడకుండా చదవలేకపోయారు. పది దాకా వెళ్ళి చదవడము రాకుండా ఎలా ఉంటారని మీరు అడగవచ్చు. 2005 నుండి ప్రథమ్ అనే సంస్థ దేశములోని పల్లెల్లో ఇంటింటికి తిరిగి పిల్లలతో ఒక పేజీ చదివించి చూస్తున్నది. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది రెండో తరగతి పాఠాన్ని చదవలేకపోతున్నారని వారు ఏండ్ల తరబడి చెబుతూనే ఉన్నారు. మేము ఆ పిల్లలకు పదవ తరగతి లెక్కలు, సైన్సు వేగముగా చెప్పుకుంటూ పోయాము. వారు మొదటి నెలలోనే సిగ్గుపడి మానుకున్నారు. ఎటూ ప్యాసయ్యే పిల్లలు మిగిలారు. వారు ప్యాసయ్యారు. ఆ ఘనత మేము తీసుకున్నాము.

ఈ కాగితాలన్నీ ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడు మా ఊరి కురుబ పెద్ద ఒకాయన నాకు జ్ఞాపకము వచ్చాడు. చిన్నప్పుడు సాయంత్రము ఆయన గొర్రెలను రొప్పములోకి తోలుతుంటే చూసేవాళ్ళము. వాకిట్లో నిలబడి ఒక్కొక్క గొర్రె దాటుతుంటే లెక్కపెట్టేవాడు. ఎన్ని ఉన్నాయి తాతా అంటే సంఖ్య చెప్పేవాడు కాదు. "నల్లచెవిది రాలేదు" అనేవాడు. కంబళి భుజాన వేసుకొని మళ్ళీ గుట్ట వైపు నడిచేవాడు. నూరు గొర్రెలలో ఒకటి తప్పిపోతే తొంబది తొమ్మిదింటిని విడిచి వెదకబోయిన కాపరిని గురించి ప్రభువు చెప్పిన ఉపమానము మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. కానీ ఒక్క సంగతి ఎన్నడూ గమనించలేదు. ఆ కాపరి లెక్కపెట్టాడు గనుకనే ఒకటి తప్పిపోయినట్టు తెలిసింది. ఉన్నవాటిని చూపించి మెప్పు పొందడానికి కాదు, రానిదేదో తెలుసుకోవడానికి లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. నాది కాపరి లెక్క కాదు, సంతలో గొర్రెలు అమ్మేవాని లెక్క.

ఇంకొక ప్రశ్న మిగిలింది. వచ్చినవారిని "మీకు మేలు జరిగిందా?" అని అడిగితే చాలునా? మా వారు కలిసిన 83 మందిలో చాలామంది "బాగుండేదయ్యా" అనే చెప్పారు. దానిని నమ్మి ఊరుకోవచ్చా? ఈ విషయములో అమెరికాలో జరిగిన ఒక పని మనకు బుద్ధి చెబుతుంది.

మసాచుసెట్స్ రాష్ట్రములో రిచర్డ్ క్యాబట్ అనే డాక్టరు బీద వీధుల మగపిల్లలు చెడు దారి పట్టకుండా కాపాడాలని ఒక పెద్ద కార్యక్రమము తలపెట్టారు. అది 1939లో మొదలై 1945 వరకు నడిచింది. ఒకే వయస్సు, ఒకే విధమైన ఇంటి పరిస్థితులు గల పిల్లలను జంటలుగా ఏర్పరచి, నాణెము ఎగురవేసి, ఒకరిని కార్యక్రమములో చేర్చారు, ఇంకొకరిని మామూలుగా విడిచిపెట్టారు. మొత్తము 506 మంది, అటు 253, ఇటు 253. చేర్చినవారి ఇండ్లకు సలహాదారులు నెలకు రెండుసార్లు చొప్పున వెళ్ళారు. చదువు చెప్పించారు, వైద్యము చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. మనము చేసేదే, మనకంటె శ్రద్ధగా చేశారు.

ముప్పై ఏండ్ల తర్వాత జోన్ మెకార్డ్ అనే పరిశోధకురాలు ఆ పిల్లలను, అప్పటికి నడివయస్సు మనుషులను, వెదికి పట్టుకున్నారు. 1978లో ఫలితము ప్రచురించారు. కార్యక్రమములో ఉన్నవారిలో మూడింట రెండు వంతుల మంది "మాకు మేలు జరిగింది" అన్నారు. కానీ వారి జీవితాలను మిగతా సగముతో పోల్చి చూస్తే మేలు కనబడలేదు సరికదా, మళ్ళీ మళ్ళీ నేరము చేయడము, త్రాగుడు, జబ్బులు, త్వరగా మరణించడము, ఇవన్నీ సహాయము పొందినవారిలోనే ఎక్కువగా ఉన్నాయి. వేసవి శిబిరాలకు ఒకసారి కంటె ఎక్కువ వెళ్ళినవారిలో కీడు ఎక్కువని తర్వాత తేలింది. దారి తప్పబోయే పిల్లలందరినీ ఒకచోట చేర్చితే ఒకరి అలవాట్లు ఒకరికి అంటుకున్నాయేమోనని పరిశోధకులు భావించారు.

ఇది చదివి నేను బెదిరిపోయాను. ప్రేమతో చేసినది కూడా కీడు చేయవచ్చునా? చేయవచ్చు. మనస్సు మంచిదైనంత మాత్రాన పని మంచిది కాదు. అలాగని ఆ కథ మనకు పని మానుకొమ్మని చెప్పడము లేదు, వెనుదిరిగి చూడమని చెబుతున్నది. ఆమె ముప్పై ఏండ్ల తర్వాత చూడబట్టే సంగతి తెలిసింది.

అంత దూరము పోనక్కరలేదు, మన జిల్లాలోనే అటువంటి ఓపిక గల పని ఒకటి జరిగింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము నడిపే యంగ్ లైవ్స్ అనే అధ్యయనము 2002లో మొదలయింది. ఇథియోపియా, పెరూ, వియత్నాం దేశాలతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, మొత్తము 12,000 మంది పిల్లలతో ప్రారంభించారు. మన రాష్ట్రములో సుమారు 3,000 మంది. ఎంచుకున్న జిల్లాలలో అనంతపురము ఒకటి. ఇరవై ఏండ్లకు పైగా మళ్ళీ మళ్ళీ ఆ పిల్లల వద్దకే వెళ్ళి అడిగారు. బడి మానినవారిని కూడా, పెండ్లయి పోయినవారిని కూడా, పనికి వలస పోయినవారిని కూడా వెదికి అడిగారు. హాజరు పట్టీలో ఉన్నవారిని అడగడము ఎవరికైనా సులభమే. లేనివారిని వెదకడములోనే నిజము ఉంది.

దేనితో కొలుస్తున్నామన్నది కూడా ముఖ్యమే. 2010లో టెన్నిస్ ఆటగాడు రఫేల్ నడాల్ ఫౌండేషన్ వారు, అనంతపురము ఆర్.డి.టి. క్రీడా గ్రామములో పిల్లలకు టెన్నిస్ బడి ప్రారంభించారు. "ఇన్నేండ్లకు ఎంతమంది ఛాంపియన్లు వచ్చారు?" అని కొందరు వెక్కిరించడము విన్నాను. అక్కడ టెన్నిసుతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పుతారు. ఛాంపియన్ల లెక్కతో ఆ బడిని కొలిచేవాడు తప్పు కొలపాత్ర పట్టుకున్నాడు. ఆ పిల్ల బడి మానకుండా నిలిచిందా, నలుగురిలో ధైర్యముగా మాట్లాడుతున్నదా అన్నది అడగాలి. నా తప్పు మరొక విధమైనది. వారి ఆటను చిన్న కొలతతో కొలిస్తే, నేను నా ట్యూషనును నాకు అనుకూలమైన కొలతతో కొలిచాను.

ఇక ఆ తల్లి కొడుకు సంగతి. 38 మందిలో తప్పిన ఇద్దరిలో ఒకడు అతడు. జూన్ నెలలో బస్సెక్కి బెంగళూరు వెళ్ళి, యలహంక దగ్గర కట్టుచున్న ఒక పెద్ద బిల్డింగు ప్రక్కన రేకుల షెడ్డులో అతణ్ణి కలుసుకున్నాను. పందొమ్మిదేండ్ల వాడు, చేతులు కాయలు కాచి ఉన్నాయి. నన్ను చూచి నిలబడ్డాడు. టీ తెప్పించాడు. నేను డబ్బులివ్వబోతే ఇవ్వనివ్వలేదు.

చాలాసేపు తర్వాత చెప్పాడు. "రిజల్ట్స్ వచ్చిన ఆదివారము గుర్తుందా అయ్యా? ప్యాసైనోళ్ళందరినీ ముందుకు పిలిచి బైబిలు, పెన్ను ఇచ్చినారు. బెంచీలో ఇద్దరమే మిగిల్తిమి. నాకు మార్కులు పోయినందుకు కాదు, మా అమ్మ తల దించుకునింది. అది చూడలేకపోయినా."

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. ఆ బహుమానాలు నేనే పంచాను. ఫోటోలు తీయించి నివేదికలో పెట్టాను. ఆ ఫోటోలో వెనుక బెంచీ పడలేదు.

"లెక్కల్లో ఒక్కదాంట్లోనే పోయినాను. సప్లిమెంటరీకి ఫీజు కట్టే తేదీ ఎవరన్నా ఇంటికొచ్చి చెప్పింటే రాసింటి. ట్యూషను అయిపోయింది కదా, మళ్ళ ఎవరూ రాలేదు. వారము నాళ్ళకు మేస్త్రీ వచ్చినాడు, పోతిని."

ప్రియులారా, ఇదీ జరిగింది. మా కార్యక్రమము ఫలితాలు వచ్చిన రోజుతో ముగిసింది. అతనికి మా అవసరము ఆ మరుసటి రోజునే మొదలయింది. ఒక తేదీ చెప్పడానికి అయ్యే ఖర్చు ఎంత? నా ఇంటి నుండి వారి ఇంటికి రెండు వీధులు. క్షమించమని అడిగాను. "పర్వాలేదయ్యా" అన్నాడు. ఆ మాటతో నా మనస్సు తేలిక కాలేదు. ఓపెన్ స్కూలు ద్వారా పది మళ్ళీ రాయవచ్చునని, ఫీజు సంఘము కడుతుందని చెప్పాను. "చూస్తా" అన్నాడు. బస్సెక్కేముందు ఒక మాట అన్నాడు. "మా తమ్మునికి అట్ల చేయొద్దండయ్యా."

ఊరికి వచ్చి నివేదికను తిరిగి రాశాను. ఉన్నది ఉన్నట్టు రాసి పంపించాను. సహాయము పెరగలేదు, కంప్యూటరు తరగతికి వచ్చే డబ్బు ఆగిపోయింది. దానికి నేను చింతించలేదు. ఒక పాత నోటుపుస్తకము తీసి, ఇప్పుడు దానిలో రాస్తున్నాము. సంఖ్యలు కాదు, పేర్లు రాస్తాము. మీ సంఘములో కూడా ఇది చేయవచ్చు, రూపాయి ఖర్చు లేదు.

మొదటిది, పని మొదలుపెట్టకముందే ఇది ఎవరి కోసమో పేర్లతో రాయాలి. చదవడము రాని పిల్లల కోసమయితే వారి పేర్లే మొదట ఉండాలి. రెండవది, ఎవరు మానినా ఆ వారములోనే ఇంటికి వెళ్ళి కారణము అడిగి రాయాలి. మా ఆడపిల్లలు కొందరు మానింది ఆసక్తి లేక కాదు, చీకటి పడిన తర్వాత తిరిగి వెళ్ళడానికి తోడు లేక అని ఇలాగే తెలిసింది. సమయము మార్చాము. మూడవది, కార్యక్రమము ముగిసిన ఒక సంవత్సరానికి, మూడు సంవత్సరాలకు మళ్ళీ వెళ్ళి చూడాలి. నాల్గవది, అడిగేవాడు నడిపించేవాడు కాకూడదు. యువకులను యువకులు, అమ్మాయిలను సహోదరీలు అడగాలి. ఐదవది, మన దగ్గరకు రాని ఇరుగుపొరుగు పిల్లలు ఎలా ఉన్నారో కూడా చూడాలి. వారూ వీరూ ఒకేలా ఉంటే మనము చేసినదేమిటో ఆలోచించుకోవాలి. చివరిది, కీడు జరిగితే అది కూడా రాయాలి. మెప్పు కోసము రాసే పుస్తకములో ఆ వరుస ఉండదు.

ఈ సంవత్సరము ఫలితాలు వచ్చిన ఆదివారము ఎవరినీ ముందుకు పిలువలేదు. అందరి కొరకు ప్రార్థన చేశాము. ఆ మధ్యాహ్నమే తప్పిన ముగ్గురి ఇండ్లకు వెళ్ళాము. ముగ్గురూ సప్లిమెంటరీ రాశారు, ఇద్దరు ప్యాసయ్యారు. మూడవ పిల్ల పేరు నోటుపుస్తకములో ఉంది, ఎవరు ఎప్పుడు వెళ్ళారో దాని ప్రక్కన ఉంది. చదవడము రాని పిల్లలకు ఆదివారము ఉదయము, బుధవారము సాయంత్రము వేరుగా కూర్చోబెట్టి చదివిస్తున్నాము. తొమ్మిది మంది వస్తున్నారు. నూట పద్నాలుగు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ అని ఒక పెద్ద అడిగాడు. నిజమే. కానీ ఆ తొమ్మిది మంది తల్లుల పేర్లు, వారు ఇప్పుడు చదువుతున్న పాఠము నాకు తెలుసు. వారిలో ఒకడు ఆ యువకుని తమ్ముడు. పోయిన వారము మొదటిసారి ఒక పేజీ మొత్తము ఆగకుండా చదివాడు.

అన్న మాత్రము ఇంకా తిరిగి రాలేదు. ఓపెన్ స్కూలు దరఖాస్తు నా బల్ల మీదే ఉంది. నెలకొకసారి ఫోను చేస్తాను. ఒక్కొక్కసారి ఎత్తుతాడు, ఒక్కొక్కసారి ఎత్తడు.

కాబట్టి కాపరులారా, సంఘ పెద్దలారా, యౌవనస్థుల మధ్య పని చేసే సహోదరీ సహోదరులారా, ఈ రాత్రి మీ హాజరు పుస్తకము ఒకసారి తెరిచి చూడండి. ఎంతమంది ఉన్నారని కాదు, ఎవరు రావడము మానారని చూడండి. ఒక్క పేరు మీకు కనబడితే రేపు ఉదయము ఆ ఇంటి వాకిట్లో నిలబడండి. ఏమి చెప్పాలో తెలియకపోయినా పర్వాలేదు, అడగండి. మంద లెక్క మనలను అడిగే దినము ఒకటి ఉంది. ఆ దినమున ప్రధాన కాపరి మన ఫోటోలను చూడడు. రాని గొర్రె పేరు చెప్పి, "దానిని వెదకితివా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల కృపను ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.